మరల చప్పుడు

మాటలు కోటలు దాటే ఊరు కాదు మాది.
డులూత్‌లో ఏప్రిల్ దాకా మాట గడప కూడా దాటదు.
ఖనిజం ఓడ వస్తే వంతెన లేస్తుంది,
పోతే దిగుతుంది.
భలే లేచావని దాన్నెవరూ మెచ్చుకోరు.

అయినా ముప్పై ఏళ్ల గురువారాలు
రేవు వెనక బార్లో
అతుకుల పచ్చగుడ్డ బల్ల మీద లీగు ఆడాక
నాకూ కొన్ని మిగిలాయి,
కోటు జేబు కుట్లలో నీలం చాక్ పొడిలా,
ఎంత దులిపినా.

"మగాడిలా కొట్టావే!"
అన్నాడొక వెల్డరు, మీసానికి బీరు నురగతో.
ఆ రాత్రి అతను ఐదు-సున్నా ఓడాడు.
నువ్వూ అలా కొట్టాల్సింది, అనబోయాను.
పెదవి దాకా వచ్చి ఆగింది.
ఆగకుండా ఉండాల్సింది.

డెలోరిస్‌ది మాట కాదు, నవ్వు.
తెల్ల బంతిని ఏడో బంతి వెనక
నేను వేలెడు సందు లేకుండా దాచిపెడితే
బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది,
చాక్ రాసింది, తుడిచింది, మళ్లీ రాసింది,
చివరికి దారి లేక పగలబడి నవ్వింది.
పై వారం అదే దాపుడు నా మీదే ప్రయోగించింది.
నా సొత్తు దొంగిలించినవాళ్లలో
నేను ఇంటికి పిలిచి అన్నం పెట్టింది ఆమెకే.

ఇక వైనో.
ఖనిజం రేవులో రెండు వేళ్లు వదిలేసి
మిగిలిన మూడింటి మీద కర్ర ఆనించేవాడు.
ఆటకి ముందు తలూపు, ఆట అయ్యాక తలూపు.
ఆ ఏడు ఫైనల్లో నాలుగు-నాలుగు.
తొమ్మిదో బంతి ఒక్కటే, బల్లకి ఆ చివర,
అంచుని రాసుకుంటూ పోవాలి.
నేనింకా నిలబడే ఉన్నాను, దారి చూసుకుంటూ.
వెనక చిన్న కీచు.
ఇత్తడి మర ఇత్తడి మరలోంచి వదులవుతోంది.
అతను తన కర్ర విప్పుతున్నాడు.
"నేనింకా కొట్టలేదు" అన్నాను.
"కొట్టేశావుగా" అన్నాడు.

పడింది.
నేను కొడితే పడిందో
అతనన్నాడు కాబట్టి పడిందో
ఇరవై రెండేళ్లయింది, తేల్చుకోలేదు.

మొన్న జనవరిలో, టౌ శియాంగ్.
పంతొమ్మిదేళ్లు, టైర్ల షాపులో పని,
గోళ్ల కింద నలుపు.
మూడో బంతి నుంచి ఎనిమిదో దాకా
తెల్ల బంతి వాడు పిలిచిన చోటికి నడిచి వెళ్లింది.
తొమ్మిదోది జేబుకి జానెడు దూరం.
నా చేతులు నన్నడగలేదు.
కీచు.

వాడప్పటికే వంగి ఉన్నాడు.
విన్నాడు. మోచెయ్యి వెంట్రుకవాసి వణికింది.
బంతి జేబు పెదవి మీద
అటు ఒకసారి ఇటు ఒకసారి ఊగి
నిలబడిపోయింది.

బార్లో ఫ్రిజ్ మోత వినిపించింది.
"మళ్లీ బిగించండి" అన్నాడు టౌ. "మీ వంతు."
మా లీగులో కర్ర విప్పితే ఓటమి ఒప్పుకున్నట్టే.
స్కోరు కాగితం మీద వాడి గెలుపు నేనే రాశాను.
వాడు చెయ్యి కలపకుండా
తొడుగు సంచి భుజాన వేసుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

ఎంత మంచి మాటకైనా వేళ ఉంటుంది కాబోలు.
వైనోకి ఆ లెక్క తెలుసు.
అతని కర్ర నాకొచ్చింది గానీ
ఆ లెక్క రాలేదు.

రెండు గురువారాలు టౌ రాలేదు.
మూడోనాడు తెరవకముందే వచ్చి
బల్ల మీద తొమ్మిదో బంతిని అక్కడే పెట్టాడు,
జేబుకి జానెడు దూరంలో.
తెల్ల బంతినీ అక్కడే.
వంగాడు.
నా వైపు చూడకుండా అన్నాడు:
"విప్పండి."

విప్పాను. తప్పింది.
బిగించాను. "విప్పండి."
తప్పింది. తప్పింది. పడింది. తప్పింది.
పదకొండోది పడింది,
పన్నెండోది పడింది,
పదమూడు మళ్లీ పెదవి మీద ఆగింది.
బయట ఎవరో పార పట్టుకుని మంచు ఎత్తుతున్నారు.
"విప్పండి" అన్నాడు.